నిద్ర సంగతులు: ఆటో మిషనా, ఫిక్స్‌డ్ మిషనా?

గురక గురించి రాసిన దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగట్లేదు. ఎక్కువ భాగం నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకి, అంటే స్లీప్ ఆప్నియాకి, మాస్కుతో పెట్టుకునే గాలి మిషన్ కొనబోయేవాళ్లవి, మిగతావి కొని అటక మీద పడేసినవాళ్లవి. అందుకే ఈసారి మొత్తం దాని గురించే. రాత్రంతా ఒకటే ప్రెషర్ ఇచ్చేది ఫిక్స్‌డ్, అవసరాన్ని బట్టి తనే మార్చుకునేది ఆటో.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఖమ్మం. మావారికి 52 ఏళ్లు, బరువు 94 కిలోలు, బీపీ మాత్ర వేసుకుంటారు. గురక అంటే మామూలు గురక కాదండీ, మా అత్తయ్యగారు పక్కగదిలో తలుపేసుకుని పడుకుంటారు. మధ్యలో ఊపిరి ఆగిపోతుంటే నేనే భుజం పట్టుకుని కదుపుతుంటాను. హైదరాబాద్‌లో స్లీప్ స్టడీ చేయిస్తే గంటకి 38 సార్లు ఆగుతోందని వచ్చింది. ఇంకో రాత్రి అక్కడే మిషన్ పెట్టి చూసి 9 ప్రెషర్ సరిపోతుందని రాసిచ్చారు. మిషన్లు అమ్మే అబ్బాయేమో ఫిక్స్‌డ్ పాత టెక్నాలజీ మేడమ్, ఆటో తీసుకోండి అంటున్నాడు. మా మరిది ఆటోనే వాడతాడు, అతనిదీ అదే మాట. రెండిటికీ తేడా పాతిక వేలు. ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, ఆ పాత టెక్నాలజీ అన్న మాట ముందు పక్కన పెట్టండి, ఆ లెక్కన ఇడ్లీ పాత్ర కూడా పాత టెక్నాలజీనే.

గంటకి 5 లోపు ఆగితే నార్మల్ అంటాం, 15 దాకా కొంచెం, 30 దాకా మధ్యరకం, 30 దాటితే తీవ్రం. మీవారిది 38, కాబట్టి ఏదో ఒక మిషన్ అయితే తప్పదు, అందులో అనుమానం లేదు.

ఇప్పుడు 9 ప్రెషర్ అంటే ఏంటో ఇంట్లోనే చూడొచ్చు. పొడుగు స్టీలు గ్లాసులో 9 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, కొబ్బరిబోండాంలో వేసే స్ట్రా అడుగుదాకా పెట్టి మెల్లగా ఊదండి, మొదటి బుడగ వచ్చే సమయానికి మీరు ఎంత బలంగా ఊదుతున్నారో అదే 9 ప్రెషర్. అంతే. మన చుట్టూ ఉన్న మామూలు గాలి ప్రెషర్ 1033 సెంటీమీటర్ల నీటికి సమానం, అంటే మిషన్ దానికి నూటికి ఒక వంతు కూడా కలపట్లేదు. మరి అంత కొంచెంతో ఏమవుతుంది అంటే, మెత్తటి స్ట్రాతో చిక్కటి జ్యూస్ గట్టిగా పీలిస్తే స్ట్రా గోడలు అతుక్కుపోతాయి చూడండి, నిద్రలో గొంతు కండరాలు వదులైనప్పుడు లోపల జరిగేది కూడా అదే, ఆ అతుక్కునే గోడల్ని లోపల్నుంచి గాలితో తెరిచి పట్టుకోవడమే మిషన్ పని. ఆక్సిజన్ ఇవ్వదు, ఊపిరి తీసిపెట్టదు, చాలామంది దీన్ని వెంటిలేటర్ అనుకుని భయపడతారు.

ఇది కనిపెట్టింది సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టర్. అప్పట్లో తీవ్రమైన స్లీప్ ఆప్నియాకి గట్టి వైద్యం అంటే గొంతుకి రంధ్రం పెట్టడమే. ఆయన వాక్యూమ్ క్లీనర్ మోటారు లాంటిదాన్ని గాలి పీల్చేందుకు కాకుండా ఊదేందుకు తిప్పి, ముక్కుకి మాస్కు జిగురుతో అంటించి 1980లో మొదటి మనిషి మీద చూశారు, 1981లో 5 మంది పేషెంట్ల వివరాలతో లాన్సెట్ పత్రికలో వేశారు. అదే మీ షాపబ్బాయి చెప్పే పాత టెక్నాలజీ. రాత్రంతా ఒకటే ప్రెషర్, దాన్నే సీపాప్ అంటాం.

ఆటో ఎందుకొచ్చిందంటే గొంతు రాత్రంతా ఒకలా ఉండదు కాబట్టి. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ ప్రెషర్ కావాలి, పక్కకి తిరిగితే తక్కువ చాలు, తెల్లవారుజామున కలలొచ్చే నిద్రలో కండరాలు బాగా వదులవుతాయి కాబట్టి మళ్లీ ఎక్కువ కావాలి, జలుబు చేసినా పెళ్లిలో రెండు పెగ్గులు పడినా ఇంకా ఎక్కువ. ఆటో మిషన్ ప్రతి ఊపిరినీ గమనిస్తూ ఉంటుంది, గాలి లోపలికి వెళ్లే తీరు గుండ్రంగా కాకుండా పైన చదునుగా అయిందా, గురక కంపనం ఉందా, పూర్తిగా ఆగిందా అని చూసి కొంచెం కొంచెంగా పెంచుతుంది, అంతా బాగుంటే కొన్ని నిమిషాల మీద మెల్లగా తగ్గిస్తుంది. అంటే ఎక్కువ సార్లు గొంతు ముడుచుకోవడం మొదలయ్యాకే దానికి తెలుస్తుంది, ఇది చాలామందికి చెప్పరు. ఫిక్స్‌డ్ అలా కాదు, 9 కావాల్సిన వాడికి 9 మీదే కూర్చుని ఉంటుంది, అవసరం ఉన్నా లేకపోయినా.

మరి ఏది నయం అని పోల్చి చూడలేదా అంటే చాలా చూశారు. వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 2019లో అన్నీ కలిపి లెక్కేశారు, వాడకం సంగతి చెప్పిన స్టడీలే 31, వాటిల్లో దాదాపు 1450 మంది. ఆటో వాడినవాళ్లు రాత్రికి సగటున 13 నిమిషాలు ఎక్కువసేపు మాస్కు పెట్టుకున్నారు. వారానికి గంటన్నర అనుకోండి. పగటి నిద్రమత్తులో తేడా 24 పాయింట్ల స్కేలు మీద అర పాయింటు కూడా లేదు. గంటకి ఊపిరి ఆగడం అయితే ఫిక్స్‌డ్‌లోనే ఒక పిసరు తక్కువ. అదే ఏడు అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ కూడా, వేరే పెద్ద జబ్బులు లేని పెద్దవాళ్లకి రెండిట్లో ఏదైనా పర్లేదనే చెప్పింది. 13 నిమిషాలకి పాతిక వేలా అంటే నేనైతే ఆలోచిస్తా.

నా సంగతి చెప్తా. నేనూ ఆరేళ్లుగా మాస్కు పెట్టుకునే పడుకుంటున్నా. మొదట ఆటోనే కొన్నా, షాపువాడు 4 నుంచి 20 అని ఫ్యాక్టరీ సెట్టింగ్ అలాగే వదిలేసి ఇచ్చాడు, డాక్టర్‌ని అయ్యుండి నేనూ చూసుకోలేదు. మొదటి రాత్రి 4 దగ్గర గాలి చాలట్లేదు, మూతికి దిండు అడ్డం పెట్టినట్టుంది, మూడో రాత్రి రెండింటికి మాస్కు పీకి విసిరేస్తే మా ఆవిడ లేచి అది వెతికింది మంచం కింద. తర్వాత కిందది 7కి మార్చి మూడు వారాలు వాడి రిపోర్ట్ తీశా. అందులో 95 శాతం ప్రెషర్ అని ఒక అంకె ఉంటుంది, అంటే రాత్రిలో నూటికి 95 వంతుల సమయం ఆ అంకెకి గానీ అంతకన్నా తక్కువకి గానీ మిషన్ ఉందని అర్థం. నాకు అది 11 దగ్గర వచ్చింది. 11 ఫిక్స్‌డ్ పెట్టేసుకున్నా. అదే మిషన్, ఆటో మోడ్ తీసేసి సీపాప్ మోడ్‌లో పెట్టా అంతే. ప్రెషర్ ఎక్కుతూ దిగుతూ ఉంటే నాకు మెలకువ వచ్చేది, ఒకటే ఉంటే ఫ్యాన్ చప్పుడులాగా అలవాటైపోయింది. అందరికీ ఇలాగే ఉంటుందని కాదు, 11 ఒకేసారి కొడితే ఉక్కిరిబిక్కిరి అయ్యేవాళ్లకి ఆటోనే సుఖం.

కాబట్టి మీకు నా మాట: మీవారికి ల్యాబులో కూర్చోబెట్టి... సారీ, పడుకోబెట్టి 9 అని తేల్చారు, ఆ కష్టమైన పని అయిపోయింది. డబ్బు చూసుకోవాలి అనుకుంటే ఫిక్స్‌డ్ కొనండి, మొహమాటం వద్దు. కానీ ఒక్కటి అడగండి షాపులో, ఇది ప్రతి రాత్రి డేటా దాస్తుందా, గంటకి ఎన్నిసార్లు ఆగిందో, గాలి ఎంత లీక్ అయిందో చూపిస్తుందా అని. కొన్ని చవక మిషన్లు ఎన్ని గంటలు నడిచిందో తప్ప ఏమీ చెప్పవు, అలాంటిది సగం ధరకిచ్చినా వద్దు, ఎందుకంటే 9 సరిపోతోందో లేదో తెలిసే దారే ఉండదు. మిగిలిన డబ్బు మంచి మాస్కు మీద పెట్టండి. మీవారు బరువు తగ్గే పనిలో గట్టిగా ఉన్నారు, ఆర్నెల్లలో 94 కాస్తా 80 అవుతుంది అనుకుంటే మాత్రం ఆటోకి అర్థం ఉంది, అవసరం తగ్గిన కొద్దీ అదే తగ్గుతుంది, ప్రతిసారీ హైదరాబాద్ పరిగెత్తక్కర్లేదు. కొన్ని చోట్ల ఆటో అద్దెకిస్తారు, రెండు వారాలు తెచ్చి వాడి చూశాక కొనడం అన్నిటికంటే తెలివైన పని.

ఇంకో మాట, ఏది కొన్నా రాత్రికి రెండు మూడు గంటలు పెట్టుకుని తీసేస్తే లాభం లేదు. 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద స్టడీలో 2,717 మంది గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు ఉన్నారు, మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. మిషన్ ఇచ్చినా మళ్లీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. వాళ్లు సగటున పెట్టుకున్నది రాత్రికి 3.3 గంటలే. పగటి నిద్రమత్తు, మూడ్ మాత్రం మెరుగయ్యాయి. గంటలు తక్కువవడమే కారణమా అన్నది ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, నేనైతే కనీసం నాలుగు గంటలు దాటించండి అని పోరుతుంటా.

ప్రశ్న: స్వామి శరణం. కరీంనగర్, 41 ఏళ్లు. రెండేళ్లుగా ఆటో మిషన్ వాడుతున్నా, 6 నుంచి 14 సెట్టింగ్, మూతీ ముక్కూ మూసే పెద్ద మాస్కు. ఇన్నాళ్లూ యాప్‌లో గంటకి 2, 3 కంటే ఎక్కువ ఎప్పుడూ రాలేదు. కార్తీకంలో మాల వేసుకున్న దగ్గర్నుంచి 9, 11 వస్తోంది, ప్రెషర్ 14 కొట్టేస్తోంది, మాస్కు దగ్గర ఎర్ర గుర్తు, తెల్లారేసరికి పొట్ట ఉబ్బి ఒకటే తేన్పులు. మిషన్ పాడైందా? ఫిక్స్‌డ్‌కి మార్చమంటారా? దీక్షలో పెట్టుకోవచ్చా అని గురుస్వామిని అడిగితే ఆరోగ్యం కదా పెట్టుకో స్వామీ అన్నారు.

జవాబు: స్వామీ, మిషన్ బానే ఉంది, గడ్డం పెరిగింది. నవ్వులాటకి కాదు, నిజంగానే. పెద్ద మాస్కు సిలికాన్ అంచు పై పెదవి మీద, బుగ్గల మీద, గడ్డం కింద చర్మానికి అతుక్కుని గాలిని ఆపాలి, 41 రోజులు గీసుకోని గడ్డం మీద అది ఎక్కడ అతుక్కుంటుంది, వెంట్రుకల సందుల్లోంచి గాలి బుస్సుమని పోతుంది. లీక్ ఎక్కువైతే ఆటో మిషన్‌కి తల తిరుగుతుంది, అంటే దానికి కళ్లు లేవు కదా, గాలి ప్రవాహాన్ని బట్టే అంతా ఊహించాలి, సగం గాలి పక్కనుంచి పోతుంటే ఏది ఊపిరో ఏది లీకో లెక్క తప్పుతుంది. ఒక్కోసారి నిజంగా ఆగినదాన్ని వదిలేస్తుంది, ఒక్కోసారి లేనిదాన్ని ఉందనుకుని ప్రెషర్ పెంచుతుంది, పెంచితే లీక్ ఇంకా పెరుగుతుంది. అందుకే లీక్ ఎర్రగా ఉన్న రాత్రి వచ్చిన 9, 11 అంకెల్ని నేను పెద్దగా నమ్మను.

రెండోది నేల. మంచం దిగి చాప మీద పడుకుంటున్నారు, దిండు కూడా మానేసి ఉంటారు. గట్టి నేల మీద పక్కకి పడుకుంటే భుజం నొప్పి, అందుకని తెలీకుండానే రాత్రంతా వెల్లకిలా. నాలుక వెనక్కి జారుతుంది, అవసరం నిజంగానే పెరుగుతుంది. మీ మిషన్ 14 కొట్టడంలో సగం గడ్డం దొంగలెక్క అయితే సగం నేల పుణ్యం. దీక్షలో మందు తాగడం మానేసిన స్వాములకి నిజానికి ఇది తగ్గాలి, కొందరికి తగ్గుతుంది కూడా.

పొట్ట ఉబ్బడం ఆ ఎక్కువ ప్రెషర్ గాలి అన్నవాహికలోకి దిగడం వల్ల. ఇదిగో ఇక్కడే ఆటోకీ ఫిక్స్‌డ్‌కీ తేడా చక్కగా కనిపిస్తుంది. మీరు 9 ఫిక్స్‌డ్‌లో ఉండి ఉంటే పొట్ట ఉబ్బేది కాదు, ప్రెషర్ పెరగదు కాబట్టి, కానీ నేల మీద వెల్లకిలా పడుకున్నందుకు ఊపిరి ఆగడాలు పెరిగి పగలు భజనలో కునుకు తీసేవారు. ఆటో మీ గొంతుని కాపాడబోయి పొట్టని పాడుచేసింది. మిషన్ మార్చక్కర్లేదు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే కూర్చునే చిన్న మాస్కు ఉంటుంది, పిల్లో మాస్కు అంటారు, అది గడ్డాన్ని తాకదు, మీసం ఒక్కటి కొంచెం సర్దుకోవాలి. నోరు తెరుచుకుని పడుకునే అలవాటుంటే దానితో కష్టం, అదొక్కటి చూసుకోండి. చాప కింద ఇంకో రెండు దుప్పట్లు మడతేసుకుని పక్కకి తిరిగి పడుకోండి, తలకింద దిండు వద్దనుకుంటే మడిచిన పంచె పెట్టుకోండి. లీక్ సర్దుకున్నాక కూడా 14 దగ్గరే ఆగిపోతుంటే అప్పుడు మీ డాక్టర్‌కి ఆ యాప్ చూపించండి. శబరిమల బస్సులో రాత్రి ప్రయాణం ఉంటే ఆ రాత్రి సీటు వెనక్కి పూర్తిగా వాల్చకుండా పడుకోండి.

ప్రశ్న: సర్, నేను అమెరికాలో ఫ్రిస్కోలో ఉంటాను. నాన్నగారు గుంటూరులో, 71 ఏళ్లు. హార్ట్ ఫెయిల్యూర్, పంపింగ్ 30 శాతం అన్నారు. ముప్పై ఏళ్లు సిగరెట్ తాగారు, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉంది. ఈమధ్య నిద్రలో ఊపిరి మెల్లగా పెరిగి పెరిగి, తర్వాత తగ్గి తగ్గి ఆగిపోతోందని అమ్మ వీడియో పంపింది. ఇక్కడ నా ఫ్రెండ్ ఆటో మిషన్ వాడతాడు, కొత్తది తీసుకున్నాడని పాతది ఇస్తానన్నాడు. వచ్చే నెల వచ్చేవాళ్లతో పంపిద్దాం అనుకుంటున్నా. ఆటో కాబట్టి తనే సెట్ చేసుకుంటుంది కదా?

జవాబు: బాబూ, పంపకండి. ఈ కాలమ్‌లో ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పను, కానీ ఈ ఒక్క ఉత్తరానికి చెప్పాలి.

మీ అమ్మగారు వీడియోలో పట్టుకున్నది చాలా ముఖ్యమైన విషయం. ఊపిరి మెల్లమెల్లగా పెద్దదై, మళ్లీ చిన్నదై, ఆగి, మళ్లీ మొదలవడం, ఇది గొంతు మూసుకుపోవడం కాకపోవచ్చు. గుండె నెమ్మదిగా పంపు చేస్తుంటే రక్తంలో గాలి సంగతి మెదడుకి ఆలస్యంగా చేరుతుంది, మెదడు ఒకసారి ఎక్కువ ఊపిరి తీయిస్తుంది, ఒకసారి తీయమని చెప్పడమే మానేస్తుంది. గొంతు తెరిచే ఉంటుంది, ఆర్డర్ రాదు అంతే. దీన్ని సెంట్రల్ ఆప్నియా అంటాం. తెరిచి ఉన్న తలుపుని ఇంకా గట్టిగా తోస్తే ఏం లాభం, ప్రెషర్ పెరిగితే కొందరికి ఇది ఎక్కువవుతుంది కూడా. ఇప్పటి మంచి ఆటో మిషన్లు ఊపిరి ఆగినప్పుడు చిన్న చిన్న గాలి తాకిళ్లు పంపి గొంతు తెరిచి ఉందో లేదో కనుక్కుంటాయి, తెరిచి ఉంటే ప్రెషర్ పెంచవు, నిజమే, కానీ పెంచకుండా ఊరుకోవడం వైద్యం కాదు కదా.

పైన ఖమ్మం అమ్మగారికి చెప్పిన అమెరికన్ అకాడమీ వాళ్ల 2019 సలహాల్లో, ఇంట్లో ఆటోతో మొదలుపెట్టొచ్చు అన్నది గుండె ఫెయిల్యూర్, ఊపిరితిత్తుల పెద్ద జబ్బు, సెంట్రల్ ఆప్నియా ఉన్నవాళ్లకి వర్తించదు. మీ నాన్నగారికి మొదటి రెండూ ఉన్నాయి, మూడోది అనుమానం. ఇంకో సంగతి, సెంట్రల్ ఆప్నియా కోసమే తయారైన ఏఎస్‌వీ అనే ఇంకా తెలివైన మిషన్ ఉంది, 2015లో సర్వ్ హెచ్‌ఎఫ్ స్టడీలో గుండె పంపింగ్ 45 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకి పెడితే గుండె కారణంగా చనిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. మిషన్‌కి తెలివి ఎక్కువైనంత మాత్రాన మనిషికి మంచి జరగాలని లేదు. సిగరెట్ ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటే అసలు ఆటో, ఫిక్స్‌డ్ రెండూ కాకుండా పీల్చేటప్పుడు ఒక ప్రెషర్, వదిలేటప్పుడు ఒక ప్రెషర్ ఇచ్చే బైపాప్ కావాల్సి రావొచ్చు.

ఆ పార్సిల్ ఖర్చు గుంటూరు, విజయవాడల్లో ఎక్కడైనా ల్యాబులో టెక్నీషియన్ పక్కనుండి చేసే ఒక రాత్రి స్టడీకి పెట్టండి. ముందు ఆ వీడియో గుండె డాక్టర్‌కి చూపించమనండి, నీరు పట్టడానికి వేసే మాత్రలు సర్దితేనే కొందరికి ఇది చాలావరకు తగ్గుతుంది. ఫ్రెండ్ మిషన్ మీద ఉన్న సెట్టింగులు ఫ్రెండ్ గొంతువి, అమెరికాలో అది డాక్టర్ చీటీ మీద ఇచ్చే వస్తువు అన్నది కూడా ఊరికే కాదు.

ప్రశ్న: హన్మకొండ నుంచి. తెలిసినాయన ఫిలిప్స్ ఆటో మిషన్ సెకండ్ హ్యాండ్‌లో ఇస్తానంటున్నాడు. కొత్త ఫిక్స్‌డ్ ధరలో సగం కూడా కాదు. తీసుకోవచ్చా?

జవాబు: ఏ సంవత్సరం మోడలో ముందు అడుగు తమ్ముడూ. ఆ కంపెనీ 2021 జూన్‌లో లక్షల మిషన్లని వెనక్కి పిలిచింది, మొదటి తరం డ్రీమ్‌స్టేషన్‌లు కూడా అందులో ఉన్నాయి. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ కాలక్రమంలో పొడిలా రాలి గాలితో పాటు లోపలికి వెళ్లే అవకాశం ఉందని కారణం. ఓజోన్‌తో క్లీన్ చేసే పెట్టెలు వాడితే ఇంకా త్వరగా పాడవుతుంది అని కూడా చెప్పారు. వేడి, ఉక్క ఉన్న ఊళ్లలో కూడా అంతే. సీరియల్ నంబర్ అడిగి అది ఆ లిస్టులో ఉందా, ఉంటే మార్చి ఇచ్చారా అని కంపెనీ దగ్గర కనుక్కున్నాకే మిగతా మాట. ఆ తర్వాత ఏ కంపెనీదైనా సరే మోటారు ఎన్ని గంటలు తిరిగిందో మెనూలో ఉంటుంది, అది చూడు. మాస్కు, ట్యూబు, ఫిల్టర్ మాత్రం పాతవి ఊరికే ఇచ్చినా తీసుకోకు.

ప్రశ్న: నిజామాబాద్. అమ్మాయి డెలివరీకి డల్లాస్ వెళ్తున్నాను, ఆర్నెల్లు. నాది ఆటో మిషన్. విమానంలో లగేజీలో వేయొచ్చా? అక్కడి కరెంటుకి పనిచేస్తుందా? ఇక్కడ కరెంటు పోయినప్పుడు మళ్లీ వచ్చాక గాలి చాలా తక్కువగా వస్తుంది, అది కూడా చెప్పండి.

జవాబు: లగేజీలో వద్దమ్మా, చేతి సంచిలోనే, సూట్‌కేసు పోయిందంటే అక్కడ దిగిన మొదటి రాత్రే కష్టం. అమెరికా రూల్ ప్రకారం ఇది వైద్య పరికరం కాబట్టి చేతి సామాను లెక్కలోకి రాదు, డాక్టర్ చీటీ ఒకటి దానితో పాటే పెట్టుకోండి. గాలికి తడి చేర్చే నీళ్ల డబ్బా పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టి పెట్టండి, తడి మిగిలి బోర్లా పడితే నీళ్లు మోటారులోకి పోతాయి, ఇలా పాడైన మిషన్లు చాలా చూశా. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్ట్స్ అని రాసి ఉందేమో చూసుకోండి, మామూలుగా ఉంటుంది, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, ప్లగ్ పిన్ను మార్చేది చాలు. డిస్టిల్డ్ వాటర్ అక్కడ ఏ కిరాణా షాపులోనైనా గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతుంది. ఇక్కడ మన బోరు నీళ్లు పోస్తే వారానికే డబ్బా అడుగున తెల్లటి గార కడుతుంది, అది మీకూ తెలిసే ఉంటుంది.

చలికాలం వెళ్తే అక్కడ హీటర్ వేసిన ఇళ్లలో గాలి ఎండిపోయి ముక్కు బిగుస్తుంది, ముక్కు బిగిస్తే మీ ఆటో ప్రెషర్ రెండు మూడు పెరిగినట్టు చూపించొచ్చు, కంగారు పడకండి, తడి సెట్టింగ్ కాస్త పెంచండి. పెంచితే ట్యూబులో నీళ్లు చేరి గుడగుడమంటుంది, అప్పుడు ట్యూబుని దుప్పటి లోపల్నుంచి తెచ్చుకోండి.

కరెంటు పోయి వచ్చాక గాలి తక్కువ రావడం రోగం కాదు. ఆటో ప్రతిసారీ కింద అంకె నుంచే మొదలుపెడుతుంది, అప్పటిదాకా 10లో ఉన్నా సరే. మీ కింద అంకె 4 ఉందేమో చూడండి, ఉంటే మీ డాక్టర్‌ని అడిగి 6కో 7కో పెట్టించుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు నీళ్ల హీటర్, వేడి ట్యూబు ఆపేయండి, కరెంటు ఎక్కువ తినేది మోటారు కాదు అవే. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే మంచిది.

ప్రశ్న: సార్, నాకు 29, భీమవరం. గంటకి 24 వచ్చింది, లావుగా కూడా ఉండను. వచ్చే నెల సంబంధం చూడ్డానికి వెళ్తున్నాం. మిషన్ గురించి చెప్పొద్దని ఇంట్లో అంటున్నారు. ఆటో అయితే చప్పుడు తక్కువ వస్తుందని విన్నాను, నిజమేనా?

జవాబు: నిజం కాదు బాబూ, రెండిటి మోటారూ దాదాపు ఒకటే, మంచి మిషన్ ఏదైనా గుసగుస కంటే తక్కువ చప్పుడే చేస్తుంది. వినిపించేది ఎక్కువగా మాస్కులోంచి వదిలిన గాలి బయటికి పోయే చిన్న రంధ్రాలది, లేకపోతే లీక్‌ది.

లావు లేకుండా రావడం మన దగ్గర వింతేమీ కాదు, దవడ చిన్నగా వెనక్కి ఉంటే సన్నవాళ్లకీ వస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 2023లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో దాదాపు 10.4 కోట్ల మందికి ఇది ఉంది, అంటే ఆ చూపుల గదిలో ఇంకొకరికి ఉండే ఛాన్సు బాగానే ఉంది, అమ్మాయి వాళ్ల నాన్నగారికే ఉండొచ్చు. తెలుగులో మనమంతా ఎగిరి గంతేసిన పాటలు చేసిన బప్పి లహిరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు ఆయన డాక్టర్లు చెప్పిన కారణాల్లో స్లీప్ ఆప్నియా ఉంది, అప్పట్నుంచి ఈ పేరు అందరికీ కొంచెం తెలిసింది.

దాచడం నాకు నచ్చలేదు. మిషన్ లేకుండా మొదటి రాత్రి నువ్వు పెట్టే గురక దాయగలవా? చూపుల రోజు కాకపోయినా, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునే దశ వస్తుంది కదా, అప్పుడు కళ్లజోడు గురించి చెప్పినట్టే చెప్పెయ్, వీలైతే మాస్కు పెట్టుకున్న ఫోటో కూడా పంపు, నవ్వుకుంటే మంచిదే. నీకు 24 కాబట్టి రెండు వారాలు ఆటో పెట్టి అంకె తెలుసుకుని తర్వాత ఏది కావాలంటే అది ఉంచుకో. మంచం మీద మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో, ఆ రంధ్రాల గాలి పక్కన పడుకున్నవాళ్ల మెడ మీద కొడితే చల్లగా ఉండి వాళ్లకి నిద్ర పట్టదు, వాళ్ల వైపు తిరిగి పడుకునేటప్పుడు గాలి సూటిగా వాళ్ల మీదకి కాకుండా పక్కలకి పోయేలా ఉండే మాస్కు చూసుకో, షాపులో పెట్టుకుని చెయ్యి అడ్డం పెట్టి చూస్తే గాలి ఎటు పోతుందో తెలిసిపోతుంది.